సన్నజాలీ భ్రమ

దోమల జాలీ ఎంత సన్నగా ఉంటే అంత మంచిదని కొట్టువాళ్లు చెబుతారు, మేస్త్రీలు చెబుతారు, గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలూ చెబుతారు. ఈ మాట తప్పు. డబ్బు దండగతో ఆగే తప్పు కాదు. ఇంట్లోకి గాలి రాకుండా చేసి, చివరికి దోమకే దారి తెరిపించే తప్పు.

కాకినాడలో మా అక్క కొత్తింటి కిటికీలన్నిటికీ కొట్లో దొరికినవాటిలోకెల్లా సన్న జాలీ వేయించింది. వైశాఖానికి గదులు ఉడికిపోయాయి. "గాలాడట్లేదురా" అంటూ మధ్యాహ్నం నుంచి పడుకునేదాకా వీధి తలుపు బార్లా తీసిపెట్టేది. ఆ తలుపుకి జాలీ లేదు. వానలు పడ్డాక మేనకోడలికి డెంగీ వచ్చింది. కుట్టిన దోమ ఏ దారిన వచ్చిందో ఎవరం చెప్పలేం. కానీ ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఆస్పత్రి వరండాలో ఎదురుచూసిన ఆ రాత్రుల్లో నాకు ఆ తెరిచిన తలుపే కళ్లముందు ఆడింది.

మామూలు జాలీకి అంగుళానికి ఒకవైపు 18, రెండోవైపు 16 కన్నాలుంటాయి. తీగ మందం 0.28 మి.మీ. లెక్కగడితే ఒక్కో కన్నం 1.1 మి.మీ. వెడల్పు, 1.3 మి.మీ. ఎత్తు. దోమ ఇందులోంచి దూరలేదు. మంచానికి కట్టే దోమతెరకి చదరపు అంగుళానికి 156 కన్నాలు చాలన్నది ప్రపంచమంతా నడుస్తున్న ప్రమాణం. ఈ మామూలు జాలీలో 288 ఉన్నాయి. ఇంకా సన్నది దేనికి?

సన్నదానికి చెల్లించే అసలు మూల్యం గాలి. మామూలు జాలీలో నూటికి 66 వంతులు ఖాళీ. అంగుళానికి 30 కన్నాలున్న దాంట్లో, తీగ 0.23 మి.మీ.కి తగ్గినా ఖాళీ 53 వంతులే. దానికితోడు తీగలు ఎక్కువైనకొద్దీ గాలి ఒరుసుకుని ఇంకా మందగిస్తుంది. రోడ్డు దుమ్ము పట్టిందా, ఆ కన్నాలు పూడిపోతాయి. ఆకు కదలని జ్యేష్ఠమాసపు రాత్రి ఈ తేడా ఒంటికి తెలుస్తుంది. పొలం గట్టున ఇల్లుండి, దోమకన్నా సన్నని దీపపు పురుగులు ముసిరేచోట సన్నజాలీ అవసరమే. ఒప్పుకుంటాను. అదీ దీపం వెలిగే గదికి చాలు.

మరి జాలీ ఉన్న ఇంట్లో దోమలెలా వస్తున్నాయి? సందుల్లోంచి. పక్కకి జరిపే కిటికీల్లో అద్దం రెక్కని సగం తీసి వదిలేస్తే, ఆ రెక్కకీ జాలీ రెక్కకీ మధ్య నిలువునా దారి ఏర్పడుతుంది. అద్దం పూర్తిగా తీయాలి, లేదా పూర్తిగా మూయాలి. అంచున ఉండే బ్రష్షు పట్టీ అరిగిపోతే మార్చాలి. వాననీళ్లు పోవడానికి కింది పట్టాలో పెట్టిన కన్నాలు చూడండి, వేలి కొన పట్టేంత ఉంటాయి. పోస్టుకార్డుని రెండుసార్లు మడిచి అంచుల్లోకి తోసి చూడండి. అది వదులుగా దూరినచోట దోమకీ చోటుంది. బాత్రూం వెంటిలేటరు సంగతి సరేసరి.

సందులు మూస్తే ఏమవుతుందో ఒక పాత ప్రయోగం చెబుతుంది. వైద్యుడు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మూడేళ్లకి, 1900లో, ఇటలీలోని ఆస్టియా చిత్తడి నేలల దగ్గర సాంబన్, లో అనే ఇద్దరు వైద్యులు తలుపులకీ కిటికీలకీ తీగజాలీ బిగించిన గుడిసెలో ఆ జ్వరాల కాలమంతా గడిపారు. పొద్దుగూకకముందే లోపలికొచ్చి తలుపు వేసుకునేవారు. క్వినైన్ ముట్టలేదు, మలేరియా రాలేదు. వాళ్లని కాపాడింది సందులేని గుడిసె, వేళకి పడిన తలుపు. మనకి కష్టం ఇంకాస్త ఎక్కువ. డెంగీ మోసే దోమ పగలు కుడుతుంది. అయిదింటికి తలుపులేసుకునే పాత అలవాటు దాన్ని ఆపదు.

అందుకే నేనైతే మొదటి రూపాయి తలుపు మీద పెడతాను. జాలీ తలుపు బయటికి తెరుచుకోవాలి. అప్పుడు దానిమీద వాలిన దోమలు లోపలికి రాకుండా బయటికే చెదురుతాయి. దానంతటది మూసుకునే స్ప్రింగు ఉండాలి, గడప దగ్గర రబ్బరు పట్టీ ఉండాలి. ఇక జాలీ రకం అంటారా, మేడమీద పడకగదికి ఫైబర్‌గ్లాస్ చాలు, తుప్పన్నదే పట్టదు. వంటింట్లో, నేలమట్టపు కిటికీల్లో దాన్ని ఎలుకలు కొరికేస్తాయి, పిల్లులు చింపేస్తాయి. అక్కడ స్టీలు తప్పదు. అయితే కాకినాడ, విశాఖ, బందరు లాంటి ఊళ్లలో సముద్రపు గాలి తగిలే ఇంటికి 304 రకం స్టీలు కొన్నేళ్లలో గోధుమరంగు మచ్చలేస్తుంది. మాలిబ్డినం కలిసిన 316 అడగండి. జింకు పూసిన ఇనుప జాలీ అక్కడ అసలే వద్దు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి 316 అమ్మజూపితే ఆ తేడా సొమ్ము మిగుల్చుకోండి.

పని పూర్తయ్యాక ముక్కలు మిగులుతాయి. వాటిలో ఒకటి పట్టుకుని మేడమీదికెళ్లి, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం మూతికి చుట్టి తీగతో బిగించండి. వీధిలో రాత్రిపూట కుట్టే దోమలు ఆ ట్యాంకుల్లోనూ పుడతాయి, ఆ గొట్టాల్లోంచి పైకొస్తాయి. అక్క ఇంటికి పోయిన ఆదివారం నేను చేసిన మొదటి పని అదే. రెండోది, వీధి తలుపుకి కొలతలు తీసుకోవడం.