పాత ఉయ్యాల నేర్పిన పాఠం

పాత సామాను కొనడం నామోషీ ఏం కాదండీ. మంచి టేకు అయితే మన తర్వాత తరానికీ పనికొస్తుంది. కానీ కొన్న సంబరంలో నేను చేసిన పొరపాటు మాత్రం మీరు చేయకండి.

మా అమ్మాయి పురిటికి వచ్చిందని పాత సామాన్ల కొట్లో ఆకుపచ్చ రంగేసిన చెక్క ఉయ్యాల ఒకటి బేరమాడి తెచ్చాను. వరండాలో కూర్చుని ఉప్పుకాగితంతో బరబరా రుద్దుతున్నాను. పక్కనే అమ్మాయి కబుర్లు చెబుతోంది. ఉయ్యాల కాలు బిగించడానికి వచ్చిన వడ్రంగి, "ఆపండమ్మా! పాత రంగులో సీసం ఉండొచ్చు. కడుపుతో ఉన్నమ్మాయి ఆ దుమ్ము పీల్చకూడదు" అన్నాడు. నా గుండె జారిపోయింది! అమ్మాయిని వెంటనే లోపలికి పంపేశాను.

సీసం పసివాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంటి రంగుల్లో అది పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. కనుక పాత రంగు ఏదైనా అనుమానించాల్సిందే. పొడిగా గీకవద్దు, కాల్చవద్దు. రాలిన దుమ్మును చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచెయ్యండి.

కొనేటప్పుడు రంగు వేయని చెక్కనే ఎంచుకోండి. సన్నని రంధ్రాల్లోంచి పిండిలా పొడి రాలుతుంటే పుచ్చు పట్టినట్టే. కీళ్ల సందుల్లో టార్చి వేసి చూడండి. నల్లటి చుక్కలుంటే నల్లులున్నాయేమోనని అనుమానించండి. అలాంటివి ఎంత చవకైనా ఇంటికి తేవద్దు. ఎత్తయిన బీరువాను గోడకు బిగించండి, పిల్లలు పట్టుకు లాగుతారు.

ఆ ఉయ్యాల సంగతంటారా? పెరట్లో గోనెసంచి కప్పుకుని పడుంది. మా మనవడు మాత్రం నా పాత నేతచీరలతో కుట్టిన బొంత మీద హాయిగా నిద్రపోతున్నాడు!