పాపను ఎవరింట్లో వదలాలి?

మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

మా సందు చివర ఒకావిడ తన రెండు గదుల ఇంట్లో ఏడుగురు పిల్లల్ని చూసుకుంటారు. మా 14 నెలల పాపను చేర్చడానికి వెళ్లాను. పప్పన్నం మెత్తగా పిసికి తినిపించే ఆవిడ ఓపిక చూస్తే ముచ్చటేసింది. బాత్రూమ్‌లో మాత్రం నిండా నీళ్లున్న బకెట్, తలుపు బార్లా తెరిచి ఉంది. ఇంకేం చూడాలో, ఏం అడగాలో నాకు తోచలేదు.

50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో చట్టాన్ని సవరించారు. మా ఆఫీసులో ఉన్నది పన్నెండు మందిమే! అందుకే నాకు ఇలాంటి ఇళ్లే దిక్కు. ఇంగ్లండ్‌లో ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని రోజుకు 2 గంటలకు మించి డబ్బు తీసుకుని తమ ఇంట్లో చూసుకునేవారు నమోదు కావాల్సిందే. ఇక్కడా నమోదు, ప్రథమ చికిత్స శిక్షణ, ఏడాదికోసారి తనిఖీ పెట్టండి. నమోదుకు ఫీజు మాత్రం పెట్టకండి, ఆవిడకు మిగిలేది అంతంతమాత్రం.

సోమవారం నుంచి పాప అక్కడికే. బకెట్ నేనే బోర్లించి వచ్చాను.

ఇట్లు,
ఒక ఉద్యోగిని