రెండు ద్వారములు – ఒక కట్టడి

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దల మాట. రెండు ఇంటర్నెట్ మార్గములు గల విద్యాసంస్థలలో ఈ సామెత నిజమగుచున్నదని పలువురు వాపోవుచున్నారు. ఒకటి తెగినను రెండవది ఆదుకొనునన్న ఆశతో సొమ్ము వెచ్చింతురు. తీరా చూడగా రెండును పనిచేయుచున్నను, స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుచున్న విద్యార్థి నడుమనే వెలుపలికి నెట్టబడును. దోషము కత్తులది కాదు, ఒరను కూర్చిన తీరుదని మా అభిప్రాయము.

కారణము గ్రహించుట కష్టము కాదు. ఆ విద్యార్థి అభ్యర్థనలు కొన్ని ఒక గేట్‌వే నుండియు, కొన్ని వేరొకదాని నుండియు పోయినచో, అవతలి సర్వర్‌కు ఒకే మనిషి రెండు చిరునామాలతో కనబడును. అనుమానించి తలుపు మూయును. ఇక బయటివారు మన సర్వర్‌ను రెండవ గేట్‌వే ద్వారా పలుకరించినపుడు, బదులు మొదటి గేట్‌వేకు పోవచ్చును. అచటి ఫైర్‌వాల్, సంభాషణ ఆరంభమును తాను చూడలేదు గనుక, ఆ ప్యాకెట్టును పారవేయును. అది దాటినను, ఒక సంస్థ ఇచ్చిన చిరునామా మరొక సంస్థ మార్గమున పోవుచున్నందున ఆ సంస్థయే అడ్డగింపవచ్చును. దొంగ చిరునామాలను అరికట్టుటకు ఇట్టి వడపోతను 2000లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 2827 సిఫారసు చేసినది. పలు మార్గములు గలవారికి అందువలన కలుగు చిక్కులను 2004 నాటి ఆర్‌ఎఫ్‌సి 3704 చర్చించినది.

ఇట్టి వేళ కొందరు ఫైర్‌వాల్‌నే తొలగింతురు. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొందుమా? మార్కుల జాబితాలు, ఫీజుల లెక్కలు, విద్యార్థినుల ఫోన్ నంబర్లు ఆ గోడ వెనుకనే కలవు.

చేయవలసినది వేరు. ఏ ద్వారమున వచ్చిన పలుకరింపునకు ఆ ద్వారముననే బదులు పోవలెను. ఒక విద్యార్థి పని ముగియువరకు ఒకే గేట్‌వే గుండా సాగవలెను. మార్గము సజీవముగా నున్నదో లేదో మోడెమ్ దీపమును చూచి కాక, దూరపు చిరునామాను పలుకరించి తెలిసికొనవలెను. వ్యయమధికమని సందేహింప పనిలేదు. ఉచితముగా లభించు లినక్స్‌లో వేర్వేరు మార్గపట్టికలు ఏర్పరచు వీలున్నది. కావలసినది నేర్పు, ఓర్పు.

కావున రెండవ మార్గమునకు సంతకము చేయుటకు పూర్వము, బదులు పోవు దారిని కాగితముపై గీయించి చూడవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము. ఆ పటమును గీయు పనిలో కంప్యూటర్ విద్యార్థులకు పాలు కల్పింతురు గాక. విద్యార్థులారా, లోనికి దారి వేయుట తెలిసినవారు పెక్కురు; తిరుగు దారిని తలచువారు కొందరే. ఆ కొందరిలో మీరుండవలెను. దరఖాస్తు గడువు దాటిన పిదప దోషము తెలిసినను, నష్టపోయిన విద్యార్థికి ఆ ఏడు తిరిగి రాదు.