సమాచార వ్యవస్థల చదువు

1998 నవంబరు 22వ తేదీన హైదరాబాదు శివార్లలోని మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. రాళ్ళగుట్టల నడుమ వెలసిన ఆ కట్టడం అనతికాలంలోనే నగరానికి కొత్త చిహ్నమైంది. అదే నెల 4వ తేదీన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ అనే కంప్యూటర్ విధానాన్ని రెండువందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో ప్రవేశపెట్టింది. మొదటిది ఛాయాచిత్రాలకెక్కింది. రెండవది అంతగా జనుల కంట పడలేదు. యాజమాన్య సమాచార వ్యవస్థలను విశ్వవిద్యాలయాలలో ఏ తీరున బోధించాలని ఆలోచించేవారు మాత్రం ముందుగా చూడవలసింది ఆ రెండవదానినే.

యాజమాన్య సమాచార వ్యవస్థ అంటే కేవలం కంప్యూటర్ కాదు. ఒక సంస్థలో ఏ నిర్ణయం కోసం, ఎవరికి, ఏ సమాచారం, ఎప్పుడు అందాలో నిర్దేశించే ఏర్పాటు అది. యంత్రం అందులో ఒక భాగం. గుమాస్తా, పద్దు, సంతకం, నియమం తక్కిన భాగాలు. ఎం.బి.ఏ. వంటి కోర్సులలో ఈ విషయం ఒక పేపరుగా ఉంటుంది. విద్యార్థి నిర్వచనాలు వల్లె వేస్తాడు, వ్యవస్థల రకాలను పటంగా గీస్తాడు, ఉత్తీర్ణుడవుతాడు. ఆ తరువాత ఉద్యోగం కోసం అమీర్‌పేట శిక్షణ కేంద్రాల మెట్లెక్కుతాడు. నల్గొండ నుండో, ఖమ్మం నుండో వచ్చిన కుటుంబం ఒకే చదువుకు రెండుసార్లు రుసుము చెల్లిస్తున్నదన్న మాట. రెండవసారి చెల్లించేది చాలామందికి అప్పు సొమ్మే.

అందువల్ల అమీర్‌పేటలో నేర్పేదానినే విశ్వవిద్యాలయం నేర్పితే సరిపోతుంది కదా అని కొందరు వాదిస్తారు. ఈ వాదం పైకి సబబుగానే తోస్తుంది. కాని అమీర్‌పేట బలం దాని వేగంలో ఉంది. 2000 సంవత్సరపు తేదీల సమస్య ముంచుకొచ్చినప్పుడు కోబాల్, ఆపైన జావా, ఒరాకిల్, శాప్ - గిరాకీ మారిన కొద్దీ అక్కడి బోర్డులు మారాయి. విశ్వవిద్యాలయంలో ఒక పాఠ్యాంశం మారాలంటే పాఠ్యనిర్ణాయక మండలి, విద్వత్ మండలి ఆమోదించాలి, పుస్తకం రావాలి, అనుబంధ కళాశాలల అధ్యాపకులు దానిని చదువుకోవాలి. ఇదంతా ముగిసేసరికి ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త రూపం వచ్చి ఉంటుంది. నిదానం విశ్వవిద్యాలయ స్వభావం. పదేళ్ళకైనా పాతబడని విషయాన్ని ఎంచుకొన్నప్పుడు ఆ నిదానం దోషంగా కనిపించదు.

ఈ సందిగ్ధం మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ 1972, 1973 సంవత్సరాలలోనే సమాచార వ్యవస్థల విద్యకు నమూనా ప్రణాళికలు వెలువరించింది. ఆ పరంపరలో 2010 నాటి నమూనా ప్రోగ్రామింగును తప్పనిసరి అంశాల నుండి తొలగించి ఐచ్ఛికం చేసింది. 2020 నాటి నమూనా దానిని తిరిగి తప్పనిసరి చేసింది. నైతికతకు కూడా అందులో తప్పనిసరి స్థానం దక్కింది. యాభై ఏళ్ళ అనుభవం గలవారే ఇటూ అటూ ఊగినప్పుడు, వారి పట్టికను యథాతథంగా దించుకొంటే చాలుననుకోవడం అవివేకం.

ఇక ‘కార్డ్’ సంగతి. అంతకు ముందు దస్తావేజులను గుమాస్తాలు లావుపాటి సంపుటాలలో చేతితో ఎత్తి రాసేవారు. ఒక ఆస్తిపై తనఖా ఉన్నదా లేదా తెలిపే ఈసీ కోసం పౌరుడు రోజుల తరబడి తిరిగేవాడు. కంప్యూటర్ వచ్చాక అది నిమిషాల పనైంది. ఇంతవరకే చెబితే అది ప్రకటన అవుతుంది, పాఠం కాదు. దస్తావేజు లేఖరుల మధ్యవర్తిత్వం, ముడుపులు కొనసాగుతూనే ఉన్నాయని 2004లో వెలువడిన ఒక అధ్యయనం విమర్శించింది. పని వేగం పెరిగినా పని తీరు ఎందుకు మారలేదు? ఏ దశలో అధికారి విచక్షణ మిగిలింది? ఈ ప్రశ్నలు వేయడం నేర్చిన విద్యార్థికి ఆసుపత్రి అయినా, బ్యాంకు అయినా అర్థమవుతుంది.

హైటెక్ సిటీ కూడా ఒక కఠినమైన పాఠాన్ని ఇచ్చింది. ప్రపంచంలోని పెద్ద సంస్థలకు సమాచార వ్యవస్థలు నిర్మించి ఇచ్చిన సత్యం కంప్యూటర్స్ లెక్కలు బూటకమని 2009 జనవరి 7న దాని అధ్యక్షుడే లేఖ ద్వారా వెల్లడించారు. దర్యాప్తులో 7,561 నకిలీ ఇన్‌వాయిసులు బయటపడ్డాయి. సంస్థ సొంత బిల్లుల వ్యవస్థలోనే, ప్రత్యేకాధికారం గల లాగిన్ ద్వారా వాటిని చొప్పించి, ఇతర విభాగాలకు కనబడకుండా దాచారని దర్యాప్తు సంస్థ తేల్చింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా నిర్ధారించింది. ఆ తీర్పుపై అప్పీళ్ళు దాఖలయ్యాయి. అక్కడ ప్రోగ్రామింగ్ తెలిసినవారికి కొదవ లేదు. ఎవరు నమోదు చేస్తున్నారు, ఎవరు చూడగలుగుతున్నారు, ఎవరు సరిచూస్తున్నారు అన్నదే కొరవడింది. ఎం.ఐ.ఎస్. పేపరులో నియంత్రణ, ఆడిట్ అన్నవి చివరి యూనిట్‌లో, సెమిస్టరు ముగింపు తొందరలో దాటవేసే పాఠాలుగా మిగలకూడదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఉదాహరణలు అంత దూరం నుండి తేనవసరం కూడా లేదు. తెలంగాణలో భూమి రికార్డుల కోసం 2020లో ‘ధరణి’, దాని స్థానంలో 2025లో ‘భూభారతి’ వచ్చాయి. తరగతి గదిలోని అనేకుల ఇళ్ళలో పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. అందులో తాతగారి విస్తీర్ణం రెండు గుంటలు తక్కువగా నమోదైతే దిద్దే అధికారం తహసీల్దారుకు ఉండాలా, కలెక్టరుకు ఉండాలా? చేరువలోని అధికారికి ఇస్తే దుర్వినియోగ భయం. దూరాన ఉన్నవారికి ఇస్తే రైతుకు ప్రయాస. వ్యవస్థ రూపకల్పన అంటే ఈ తూకమే.

క్షేత్ర పరిశీలనకు మార్కులు ఇస్తే ప్రాజెక్టు నివేదికలను కొనుక్కొంటారన్న అభ్యంతరం ఉంది. అది నిజమే. కాబట్టి నివేదికకు తక్కువ, మౌఖిక పరీక్షకు ఎక్కువ మార్కులు కేటాయించాలి. ఒక విద్యార్థి ఒక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనో, ఆర్టీసీ డిపోలోనో, మందుల దుకాణంలోనో రెండు వారాలు గడిపి, అక్కడ ఒక కాగితం ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వెళుతున్నదో పటం గీసి, పరీక్షకుని ఎదుట వివరించాలి. అరవైమంది విద్యార్థులకు ఇలా జరపాలంటే కనీసం ఇద్దరు అధ్యాపకులు కావాలి. చాలా అనుబంధ కళాశాలలలో ఒక్కరే ఉన్నారు. పాఠ్యప్రణాళిక మారడానికి ముందు భర్తీ కావలసింది ఆ రెండవ కుర్చీ.