వేరు చేయాల్సింది కంచం కాదు

రక్తదానానికి వెళ్లినప్పుడో, ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల్లోనో, గర్భిణులకు చేసే రక్తపరీక్షలోనో అనుకోకుండా బయటపడే జబ్బు హెపటైటిస్‌-బి. అప్పటిదాకా చాలామందిలో నొప్పీ ఉండదు, కళ్లు పచ్చబడటమూ ఉండదు. రిపోర్టులో ‘పాజిటివ్‌’ అని చూడగానే మాత్రం కొన్ని ఇళ్లలో రోగికి కంచం, గ్లాసు వేరైపోతాయి. పిల్లల్ని దగ్గరకు పోనివ్వరు. ఈ భయం అనవసరం.

ఈ వైరస్‌ రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. కలిసి తిన్నా, పక్కన కూర్చున్నా, తుమ్మినా రాదు. విడిగా ఉంచాల్సినవి రేజరు, బ్లేడు, టూత్‌బ్రష్‌, గోళ్ల కట్టరు. ఒంటి బయట కూడా ఈ వైరస్‌ కనీసం 7 రోజులు బతకగలదు. అందుకే రోగికి గాయమైతే కట్టు కట్టేవారు గ్లౌజులు వేసుకోవాలి. కింద పడ్డ రక్తాన్ని బ్లీచింగ్‌ కలిపిన నీళ్లతో శుభ్రం చేయాలి.

భార్య లేదా భర్త, పిల్లలు, ఇంట్లోని మిగతావారు రక్తపరీక్ష చేయించుకోవాలి. వైరస్‌ సోకనివారు, ఇంతకుముందు టీకా వేయించుకోనివారు మూడు డోసులు వేయించుకోవాలి. మొదటి డోసు వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్‌ దేశీయంగా తయారుచేసిన తర్వాత ఈ టీకా సామాన్యులకు అందే ధరకు వచ్చింది.

వైరస్‌ ఆరు నెలలు దాటినా రక్తంలో ఉంటే దాన్ని దీర్ఘకాలిక జబ్బుగా లెక్కిస్తారు. అందరికీ మందులు అవసరం ఉండకపోవచ్చు. అవసరమైనవారికి టెనోఫోవిర్‌ లేదా ఎంటెకావిర్‌ మాత్ర రోజూ ఒకటి, చాలామందికి ఏళ్ల తరబడి ఇస్తారు. ఎంటెకావిర్‌ అయితే భోజనానికి, మాత్రకు మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ఇవి వైరస్‌ను అణచి ఉంచుతాయే తప్ప పూర్తిగా తుడిచిపెట్టలేవు. ‘ఇప్పుడు బాగానే ఉంది కదా’ అని సొంతంగా మానేస్తే వైరస్‌ ఒక్కసారిగా విజృంభించి కాలేయం దెబ్బతినొచ్చు. మాత్ర వేసుకున్నారా లేదా అని రోజూ గుర్తుచేయడమే ఇంట్లోవాళ్లు చేయగల పెద్ద సేవ.

పసరు పోయించడం, నాటుమందులు ఇప్పించడం ప్రమాదకరం. వాటిలో కొన్ని కాలేయాన్నే దెబ్బతీస్తాయి. మద్యం పూర్తిగా మానాలి. చప్పిడి కూడుతో కడుపు మాడ్చనక్కర్లేదు. పప్పు, పెరుగు, గుడ్డు, కూరగాయలు అన్నీ పెట్టొచ్చు. పొట్టలో నీరు చేరినవారికి మాత్రం డాక్టరు ఉప్పు తగ్గించమంటారు. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, రక్తపు వాంతి లేదా నల్లటి విరేచనం అయినా, మనిషి మగతగా, తికమకగా మాట్లాడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో గర్భిణికి ఈ జబ్బుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. పుట్టగానే సోకిన బిడ్డల్లో దాదాపు 90 శాతం మందిలో ఇది జీవితాంతం ఉండిపోతుంది. కాబట్టి బిడ్డకు 24 గంటల్లోపు తొలి టీకా పడాలి. దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్‌ ఇంజెక్షన్‌ వీలైతే 12 గంటల్లోపే ఇప్పించాలి. తల్లి నిశ్చింతగా పాలివ్వొచ్చు.

మందులు వాడుతున్నా, లేకున్నా డాక్టరు చెప్పిన గడువు ప్రకారం, సాధారణంగా ఆరు నెలలకోసారి, పరీక్షలు తప్పకూడదు. క్యాన్సర్‌ ముప్పు ఉన్నవారికి కాలేయం స్కానింగ్‌ కూడా చేయిస్తారు. 2018లో మొదలైన జాతీయ వైరల్‌ హెపటైటిస్‌ నియంత్రణ కార్యక్రమం కింద ఎంపిక చేసిన ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. ఖర్చుకు వెరచి మందు ఆపేయాలనుకునేవారు ముందు అక్కడ విచారించడం మంచిది.