దూరవిద్య పీజీ: పట్టా చెల్లుతుంది, మరి చదువు సంగతి?

డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిలు జగ్గయ్యపేట, నందిగామల్లోని మన ఇళ్లలో ఇప్పుడు కొత్తేమీ కాదు. చిక్కు వచ్చేది ఆ తర్వాతే. పీజీ అంటే విజయవాడ వెళ్లాలి, లేదా గుంటూరు దారిలోని నాగార్జున యూనివర్సిటీకి, కాదంటే పాత ఉమ్మడి జిల్లా ఆ చివర మచిలీపట్నంలో ఉన్న కృష్ణా యూనివర్సిటీకి. ఈ మెట్ట ప్రాంతం నుంచి రోజూ వెళ్లిరావడం అయ్యే పని కాదు. ఈలోగా నికాహ్ అవుతుంది, పిల్లలు పుడతారు. అబ్బాయిల సంగతీ అంతే. సిమెంట్ ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేవాడు ఉద్యోగం మానేసి రెండేళ్లు క్లాసులో కూర్చోలేడు. అందుకే వీళ్లందరూ దూరవిద్య పీజీ వైపు చూస్తారు. పని చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ ఎంఏ, ఎంకాం చేసేయొచ్చు అనుకుంటారు.

ఫీజు కట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ సర్టిఫికెట్ చెల్లుద్దా?"

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు ఎక్కడో ఉన్న యూనివర్సిటీ పేరుతో సందు సందుకీ స్టడీ సెంటర్ బోర్డులు వేలాడేవి. 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలపై గట్టి తీర్పు ఇచ్చింది. 2001-05 మధ్య చేరినవాళ్లు ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. ఉద్యోగంలో చేరి, ప్రమోషన్లు కూడా తీసుకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు.

ఇప్పుడు రూల్స్ చాలావరకు స్పష్టంగానే ఉన్నాయి. 2020 సెప్టెంబర్‌లో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమతి ఉన్న యూనివర్సిటీ, అనుమతి ఉన్న కోర్సులో ఇచ్చిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. 2022లో యూజీసీ ఈ మాటే మళ్లీ పబ్లిక్ నోటీసుగా చెప్పింది. స్టడీ సెంటర్‌ను ఫ్రాంచైజీకి ఇవ్వకూడదు. రాష్ట్ర యూనివర్సిటీ తన రాష్ట్రం దాటి సెంటర్ నడపకూడదు. జగ్గయ్యపేటకు ఈ చివరి రూల్ చాలా ముఖ్యం, ఎందుకంటే హైవే మీద కాస్త ముందుకెళ్తే కోదాడ, అది తెలంగాణ. 1982లో హైదరాబాద్‌లో మొదలైన అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ కూడా విభజనతో అటువైపే ఉండిపోయింది. కాబట్టి ఏపీవాళ్లు అందులో చేరాలనుకుంటే ఈ ఏడాది అడ్మిషన్ సంగతి ఏంటో ముందే తేల్చుకోవాలి. ఇగ్నో, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ కేంద్రానివి గనుక వాటికి ఈ సరిహద్దు గొడవ లేదు.

సరే, పట్టా చెల్లుతుంది. అంతటితో మనవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అసలు అడగాల్సిన రెండో ప్రశ్న అక్కడే ఆగిపోతుంది: ఆ రెండేళ్లలో మా అమ్మాయికి ఏం వస్తుంది?

యూజీసీ లెక్కే చూద్దాం. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 80 క్రెడిట్ల ఎంఏ అనుకుంటే 2400 గంటలు. రెండేళ్లకు పంచితే రోజుకు మూడు గంటల పైమాటే, ఆదివారాలు, పండగలు కలుపుకుని! ఇంట్లో వంట, పిల్లలు, అత్తమామలు ఉన్న కోడలికి ఆ మూడు గంటలు ఎవరిస్తున్నారు? అడ్మిషన్ ఫీజు కట్టి "చదువుకోమన్నాం కదా" అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. చదువు నాణ్యత అంటే యూనివర్సిటీ ఒక్కదాని బాధ్యతే అనుకుంటాం గానీ, సగం సంగతి ఇంట్లోనే ఉంది.

మిగతా సగం మాత్రం కచ్చితంగా యూనివర్సిటీదే. మార్కుల్లో 30 శాతం వరకు అసైన్‌మెంట్ల లాంటి ఇంటర్నల్స్‌కి, కనీసం 70 శాతం చివరి పరీక్షకి. ఆ 30 శాతం దగ్గరే లోపల డొల్ల అయ్యేది. రెడీమేడ్ జవాబులు జిరాక్స్ షాపులో దొరుకుతాయి, వాట్సాప్ గ్రూపులో తిరుగుతాయి. చూసి రాసి ఇచ్చేస్తారు. దిద్దేవాళ్లు మార్కు వేసి పక్కన పెడతారు. ఎక్కడ తప్పు రాసిందో, ఎక్కడ బాగా ఆలోచించిందో ఒక్క వాక్యం కూడా ఆ అమ్మాయికి తిరిగి రాదు. ఇందులో విద్యార్థిని తిట్టడం తేలిక. ఎవరూ చదవని కాగితానికి ఎవరు మాత్రం కష్టపడతారు?

బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టినప్పుడు అక్కడ చదువు నిలబడింది సరిగ్గా ఈ అసైన్‌మెంట్ల మీదే. ట్యూటర్ కాగితం చదివి, వ్యాఖ్యలు రాసి వెనక్కి పంపుతాడు. ఇంట్లో ఒంటరిగా చదివేవాడికి టీచరు కలిసేది ఆ వ్యాఖ్యల్లోనే. ఈ పద్ధతి మనకు తెలియంది కాదు. దేశంలో తొలి ఓపెన్ యూనివర్సిటీ మన తెలుగు నేల మీదే పుట్టింది. దాని మొదటి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో ఇగ్నోకి కూడా మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు.

కాంటాక్ట్ క్లాసులది ఇంకో కథ. క్లాసు ఎక్కడో పెద్ద ఊళ్లో, అదీ ఆదివారం. మెసేజ్ రెండు రోజుల ముందు వస్తుంది. చంటిపిల్లతో బస్సెక్కి వెళ్లేవాళ్లు ఎంతమంది? ఒకసారి వెళ్లి, పది మంది కూడా లేరని క్లాసు రద్దయితే రెండోసారి ఎవరూ కదలరు. నందిగామ, జగ్గయ్యపేటల్లో డిగ్రీ కాలేజీలు ఉన్నాయి, ఆదివారం గదులు ఖాళీ. నెలకు రెండు క్లాసులు ఇక్కడే పెట్టించమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. కానీ ఒక్కొక్కరుగా అడిగితే వినరు. ఈ రెండు ఊళ్లలో చదువుతున్నవాళ్లంతా కలిసి, సంతకాలతో అడగాలి.

అడగడానికి ఒక తలుపు కూడా ఉంది. దూరవిద్య నడిపే ప్రతి యూనివర్సిటీలో సెంటర్ ఫర్ ఇంటర్నల్ క్వాలిటీ అష్యూరెన్స్ అనే విభాగం ఉండాలని 2020 నిబంధనలే చెప్తున్నాయి. అది ఏటా రిపోర్టు తయారుచేసి యూనివర్సిటీ వెబ్‌సైట్లో పెట్టాలి. పుస్తకాలు టైముకి అందాయా, క్లాసులు జరిగాయా, ఫిర్యాదుల సంగతేంటి, ఇవన్నీ చూడాల్సింది వాళ్లే. నాకు అనిపించేదేమిటంటే ఈ తనిఖీ యూనివర్సిటీ గేటు లోపలే తిరుగుతోంది. న్యాక్ గ్రేడు క్యాంపస్ బిల్డింగుని, ప్రొఫెసర్ల పరిశోధనని బాగానే కొలుస్తుంది. క్యాంపస్ మొహం ఎప్పుడూ చూడని విద్యార్థిని దాకా ఆ కొలత రావడం లేదు. కోర్సు మధ్యలో మానేసినవాళ్లకి ఫోన్ చేసి "ఎందుకు మానేశావమ్మా" అని అడిగితే చాలు, సగం లోపాలు బయటపడతాయి.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలకు 1998లో వచ్చిన ఉర్దూ యూనివర్సిటీ పెద్ద అండ. అయితే మన దగ్గర చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బడిలో తెలుగు చదివి, పీజీకి వచ్చేసరికి ఇంగ్లిష్ పుస్తకం ముందు కూర్చుంటారు. ప్రాస్పెక్టస్‌లో "మీడియం" అనే గడిని ఫీజు గడి కంటే ముందు చూడాలి. పుస్తకం ఏ భాషలో ఇస్తారు, పరీక్ష ఏ భాషలో రాయొచ్చు అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు.

ఇప్పుడు చేరాలనుకునేవాళ్లకి పని ఇలా ఉంటుంది. ముందు యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో పోర్టల్లో ఆ యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, మీరు చేరే సంవత్సరం మూడూ ఉన్నాయేమో చూడాలి. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివి దూరవిద్యలో ఇప్పిస్తామని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. 2024 నుంచి చేరేవాళ్లు అదే పోర్టల్లో డీఈబీ ఐడీ స్వయంగా తీసుకోవాలి, ఏజెంట్ ఫోన్ నంబరుతో కాకుండా మీ నంబరుతో. ఆ తర్వాత స్టడీ సెంటర్‌కి వెళ్లి మూడు సంగతులు అడగండి: పోయినేడాది ఎన్ని కాంటాక్ట్ క్లాసులు నిజంగా జరిగాయి, దిద్దిన అసైన్‌మెంట్ వెనక్కి ఇస్తారా, ఫలితాలు పరీక్ష అయిన ఎన్ని నెలలకు వచ్చాయి. ఈ మూడోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రిజల్ట్ ఆలస్యమై మార్కుల మెమో చేతికి రాకపోతే, ఉద్యోగ నోటిఫికేషన్ గడువు మన కోసం ఆగదు.