ఇంటికి ఫైర్‌వాల్ కొంటున్నారా? ముందు గేట్ పాస్ సంగతి చూడండి

పాశమైలారంలోనో పటాన్‌చెరులోనో ఏదైనా ఫ్యాక్టరీ గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. లోపలికొచ్చే లారీ నంబర్ రాసుకుంటారు. బయటికెళ్లే సామానుకైతే గేట్ పాస్ అడుగుతారు. రిపేర్‌కి పంపే మోటార్ అయినా సరే, కాగితం లేకపోతే గేటు దాటదు. మన ఇంటి వైఫైలో ఈ రెండో చెకింగ్ అసలు ఉండదు. తక్కువ ఖర్చులో ఏ ఫైర్‌వాల్ తీసుకోవాలి అనే ప్రశ్నకి నా జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

చాలామంది భయం బయటి హ్యాకర్ గురించే. కానీ మామూలు రూటర్ కూడా బయటి నుంచి పిలవకుండా వచ్చే కనెక్షన్లను డిఫాల్ట్‌గా ఆపేస్తుంది. అసలు తలనొప్పి లోపలున్న సేల్ కెమెరా, పేరు తెలియని ఆండ్రాయిడ్ టీవీ బాక్స్. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ అరవైకి పైగా డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లు ప్రయత్నించి లక్షల కెమెరాలు, డీవీఆర్‌లను లొంగదీసుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న డిన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద జరిగిన దాడితో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి తెరుచుకోలేదు. మిరాయ్ కనీసం బయటి నుంచి తలుపు తట్టాల్సి వచ్చింది. బ్యాడ్‌బాక్స్ 2.0కి ఆ అవసరమే లేదు, కొన్ని బాక్సుల్లో అది అమ్మకానికి రాకముందే కూర్చుని ఉంది. 2025 జులైలో గూగుల్ దీని మీద కోర్టుకెళ్లినప్పుడు చెప్పిన లెక్క కోటికి పైగా డివైస్‌లు.

బీరంగూడ, అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లలో ఆఫీస్ ల్యాప్‌టాప్, యూపీఐ ఉన్న ఫోన్, గుమ్మం మీది కెమెరా అన్నీ ఒకే వైఫైలో ఉంటాయి. ముందు వాటిని విడదీయండి. ఇప్పుడున్న రూటర్‌లోనే గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి కెమెరాని, టీవీని అందులో వేయండి. యూపీఎన్‌పీ ఆఫ్ చేయండి. ఖర్చు సున్నా. సగం ఫైర్‌వాల్ ఇక్కడే అయిపోయింది.

ఇక హార్డ్‌వేర్. యూట్యూబ్ చూసి చాలామంది వేసే ప్లాన్ ఒకటుంది: ఆఫీసులు తీసేసిన పాత డెస్క్‌టాప్ కొని, ఇంకో ల్యాన్ కార్డ్ పెట్టి, పీఎఫ్‌సెన్స్ ఎక్కించేయడం. కొన్నప్పుడు చవకే. కానీ అది 60 వాట్లు లాగుతుందనుకుంటే, 24 గంటలూ ఆన్‌లో ఉంటే నెలకి 43 యూనిట్లు. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేది 200 యూనిట్ల లోపు వాడితేనే. ఎండాకాలంలో కూలర్‌తో ఇప్పటికే 170 దగ్గరున్న ఇంట్లో ఈ 'ఫ్రీ' ఫైర్‌వాల్ వల్ల ఆ నెల బిల్లు మొత్తం నాన్న కట్టాల్సి వస్తుంది. కరెంట్ పోతే దానికి ఇన్వర్టర్ కూడా కావాలి.

ఇంటెల్ ఎన్100 మినీ బాక్స్ మంచిదే. 10 వాట్ల లెక్కన నెలకి 7 యూనిట్లే. కానీ ధర పదివేలు దాటుతుంది, వైఫైకి విడిగా యాక్సెస్ పాయింట్ కూడా కావాలి. కొనేవాళ్లు ఇంటెల్ ల్యాన్ పోర్టులున్నదే తీసుకోండి. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ రెండూ ఫ్రీబీఎస్‌డీ మీద నడుస్తాయి, అక్కడ రియల్‌టెక్ పోర్టులతో ఇబ్బందులు పాత కథే. రెండిట్లో నా ఓటు ఓపీఎన్‌సెన్స్‌కి. 2015లో పీఎఫ్‌సెన్స్ నుంచే విడిపోయిన ప్రాజెక్ట్ ఇది. ఏడాదికి రెండు పెద్ద రిలీజ్‌లు క్రమం తప్పకుండా వస్తున్నాయి.

100, 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంటికి మాత్రం నేను చెప్పేది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కే చిన్న రూటరే. కనీసం 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉండాలి. డబ్బు కట్టే ముందు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సైట్‌లోని డివైస్ టేబుల్‌లో మోడల్‌తో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా చూడండి. బాక్స్ మీద పేరు ఒకటే ఉన్నా వెర్షన్ మారితే లోపల చిప్పే మారిపోవచ్చు. 6 వాట్లకి నెలకి 4 యూనిట్లు, కరెంట్ పోయినా 12 వోల్టుల మినీ యూపీఎస్ మీద నడిచిపోతుంది. ఆపరేటర్ ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టనంటే దాని వెనకే తగిలించండి. డబుల్ నాట్ అవుతుంది, కానీ మన గేట్ పాస్ పనికి అడ్డం కాదు.

రూల్స్ మూడు చాలు. కెమెరాల జోన్ నుంచి ఇంటి జోన్‌కి దారి మూసేయాలి. ఇంటి జోన్ నుంచి కెమెరాకి దారి ఉండాలి. కెమెరా నుంచి ఇంటర్నెట్‌కి దారి కట్. మూడోది పెడితే క్లౌడ్ యాప్‌లో లైవ్ వ్యూ ఆగిపోతుంది, నిజమే. అందుకే కెమెరా కొనేటప్పుడే ఆర్‌టీఎస్‌పీ, మెమరీ కార్డ్ రికార్డింగ్ ఉన్నాయో లేదో చూసుకోండి. యాప్ తప్పదు అనుకుంటే మొదటి రెండు రూల్స్ అయినా ఉంచండి.

ఏ ఫైర్‌వాల్ వల్లా కాని పని ఒకటుంది. ఇంటర్నెట్ లేకపోతే టీవీ బాక్స్ దేనికీ పనికిరాదు, ఇంటర్నెట్ ఇస్తే లోపలున్న మాల్‌వేర్‌కీ ఇచ్చినట్టే. ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ లేని బాక్స్ ఇంట్లో ఉంటే పీకేయండి. అంతకు మించిన రూల్ లేదు.

నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలన్న కసి ఉంటే, హాస్టల్ రూమ్‌లోనే ల్యాబ్ పెట్టుకోవాలనుకుంటే, ఎన్100 కొనండి, ఆ డబ్బు వృథా కాదు. ఇంటి కోసమే అయితే, నెలకోసారి మీరు అప్‌డేట్ చేయగలిగినదే కొనండి. ఏడాదిగా అప్‌డేట్ లేని పదిహేను వేల బాక్స్ కంటే, నిన్న రాత్రి అప్‌డేట్ అయిన చిన్న రూటర్ నయం. గేటు ఎంత గట్టిదైనా, వాచ్‌మన్ నిద్రపోతే సామాను బయటికి పోతూనే ఉంటుంది.